అరచేతిలోని భాండాగారము

కనిగిరి ప్రాంతమున మంచినీరు మిక్కిలి విలువైన వస్తువు. భూగర్భజలములలో ఫ్లోరైడు అధికముగా నుండుటవలన బావినీటిని, బోరునీటిని త్రాగుట కీడని అచ్చటివారు చిరకాలముగా నెఱుగుదురు. ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి మన దేశమున తొలి శాస్త్రీయ పరిశీలనము 1937లో నాటి నెల్లూరు జిల్లాయందు ప్రకటింపబడినది. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడువఱకు కనిగిరి ఆ నెల్లూరు జిల్లాలోనిదే. దూరమునుండి గొట్టములలో మంచినీరు వచ్చినప్పుడు దానిని పట్టి, బిందెలలోను తొట్టెలలోను నిలువ చేసికొనుట అచ్చటి ఇల్లాండ్రకు నిత్యకృత్యము. నీరు వచ్చు వేళ వారి చేతిలో లేదు. వచ్చిన నీటిని నిలుపుకొనుట మాత్రము వారి చేతిలోనే యున్నది.

నేటి గృహములలో సమాచారమును నీటివలెనే దూరమునుండి వచ్చుచున్నది. తల్లిదండ్రుల పెండ్లి ఫోటోలు, పొలము పత్రముల నకళ్లు, పిల్లల మార్కుల పట్టికలు, దూరమున నున్న అన్నదమ్ములు పంపిన వీడియోలు, ఇవి యన్నియు కొంత ఫోనులోను, కొంత ఎక్కడనో పరదేశపు కంపెనీల యంత్రములలోను ఉండును. ఫోను పగిలిన నాడు మొదటిది పోవును. పాస్‌వర్డు మఱచిన నాడు రెండవది అందకుండ పోవును. ఒక్కొక్కప్పుడు కంపెనీవారే నిబంధనలు మార్చుదురు. ఫోటోలను పరిమితి లేకుండ ఉచితముగా దాచుచు వచ్చిన గూగుల్ సంస్థ 2021 జూన్ 1 నుండి ఆ సదుపాయమును నిలిపివేసి, ఉచితముగా 15 గిగాబైట్లు మాత్రమే యని నిర్ణయించెను. అది వారి వస్తువు. నియమము పెట్టు అధికారము వారికి కలదు. కాని కనిగిరి, పామూరు, పొదిలి ప్రాంతములలో వానలు లేక, సేద్యము సాగక, బెంగుళూరునకో హైదరాబాదునకో వలసపోయిన కుటుంబములు పెక్కులు. అట్టి యిండ్లలో వృద్ధులొకచోట, పనిచేయువారొకచోట నుందురు. వారి నొక్కచోట చేర్చునది ఆ ఫోటోలు, ఆ మాటలు, ఆ కాగితములే. వానిని దాచుకొనుటకు ఇంటిలోనే యొక తొట్టె యుండుట మేలు. ఆ తొట్టెయే ఇంటి సర్వరు.

‘సర్వరు’ అను మాట మన యూళ్లకు క్రొత్తది కాదు. హోటలులో వడ్డించువానిని సర్వరనియే పిలుచుదురు. అతడు తాను భుజింపడు. అడిగినవారికి అడిగినది తెచ్చి యిచ్చును. సర్వరు యంత్రము చేయు పనియు నంతియే. ఫోను గాని, వేఱొక కంప్యూటరు గాని అడుగును, సర్వరు ఇచ్చును. అడుగువా రెప్పు డడుగుదురో తెలియదు గనుక అది రాత్రింబవళ్లు మేల్కొని యుండవలెను. ప్రపంచములోని మొట్టమొదటి వెబ్ సర్వరు 1990 సంవత్సరాంతమున స్విట్జర్లాండులోని జెనీవా సమీపమున సెర్న్ అను పరిశోధనాలయములో పనిచేయసాగెను. దానిని నిర్మించినవాడు టిమ్ బెర్నర్స్ లీ. అది ఆయన బల్లమీది నెక్స్ట్ కంప్యూటరే గాని వేఱొకటి కాదు. ఎవరైన పొరపాటున మీట నొక్కి దాని నాపివేయుదురేమో యని, ఇది సర్వరు, దీనిని ఆపరాదు అను అర్థము వచ్చునట్లు ఎఱ్ఱసిరాతో ఒక చీటీ వ్రాసి దానిపై అంటించిరి. ప్రపంచమంతయు వ్యాపించిన వెబ్బును ఆనాడు కాపాడినది ఒక కాగితపు ముక్క!

అట్టి పనికి నేడు పెద్ద యంత్రము అక్కఱలేదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమున పుట్టిన ‘రాస్ప్‌బెర్రీ పై’ అను చిన్న పలక చాలును. దాని పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56 మిల్లీమీటర్లు, అరచేతిలో ఇముడును. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రము చదువవచ్చు విద్యార్థులలో యంత్రమును విప్పి, కలిపి, స్వయముగా ప్రోగ్రాములు వ్రాసి చూచినవారి సంఖ్య ఏటేట తగ్గుచుండుట ఎబెన్ అప్టన్ మొదలగు వారు గమనించిరి. 1981లో వెలువడిన బి.బి.సి. మైక్రో కంప్యూటరు ఒక తరము పిల్లలకు ఆ యవకాశ మిచ్చియుండెను. అట్టిదే మరల నొకటి, పిల్లవాడు పాడుచేసినను ఇంటివారు బాధపడనంత చౌకగా, ఉండవలెనని వారు తలంచిరి. 2012 ఫిబ్రవరి 29న అది విక్రయమునకు వచ్చెను. వెల 35 డాలర్లు. కంప్యూటర్లకు పండ్ల పేర్లు పెట్టుట పూర్వమునుండి యున్న యాచారము, అందుచే రాస్ప్‌బెర్రీ. పైథాన్ అను ప్రోగ్రాము భాషను తలంచి ‘పై’. పేరు పిల్లల తినుబండారమువలె నున్నను వస్తువు ఆటబొమ్మ కాదు.

దీని గుండెకాయ ఆర్మ్ జాతికి చెందిన ప్రాసెసరు. ఆ జాతి మూలపురుషుని కథ చెప్పదగినది. 1985 ఏప్రిల్ 26న కేంబ్రిడ్జిలోని ఏకార్న్ కంపెనీకి మొదటి ఆర్మ్ చిప్పు చేరెను. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనువారు దానిని రూపొందించిరి. అది యెంత విద్యుత్తు వాడుచున్నదో కొలుచుటకై ఫర్బర్ అమ్మీటరు తగిలించి చూడగా, ముల్లు సున్నవద్దనే నిలిచెను. చిప్పు మాత్రము చక్కగా పనిచేయుచునే యున్నది! విచారింపగా దానికి విద్యుత్తు అందు తీగయే కలుపబడి యుండలేదనియు, చుట్టుపక్కల సంకేతపు తీగలనుండి కారివచ్చు కొద్దిపాటి విద్యుత్తుతోనే అది నడచుచున్నదనియు తేలెను. ఇంత మితాహారి గనుకనే ఆ జాతి నేడు ఫోనులన్నింటిలోను స్థిరపడినది, ఇంటి సర్వరుగా రాత్రింబవళ్లు మేల్కొని యుండుటకును తగియున్నది.

లెక్క వేసి చూచిన ఈ సంగతి స్పష్టమగును. పై నాలుగవ నమూనా, దానికి తగిలించిన చిన్న డిస్కు కలసి సుమారు 5 వాట్లు వాడు ననుకొందము. రోజునకు 24 గంటలు, నెలకు 30 రోజులు. మొత్తము 3,600 వాట్ గంటలు, అనగా 3.6 యూనిట్లు. 80 వాట్లు వాడు పాత బల్లకంప్యూటరును అట్లే నడిపిన 57.6 యూనిట్లగును. అయినను ఒక మాట చెప్పవలెను. ఇంటిలో పనిచేయు పాత లాప్‌టాప్ పడియున్నచో పై కొనక దానినే సర్వరుగా వాడుకొనుట తెలివైన పని. దానికి బ్యాటరీ కూడ ఉండును. అది చెడిపోయి యుండనిచో కరెంటు పోయినను యంత్రము చప్పున ఆగిపోదు. క్రొత్త వస్తువుపై మోజుతో ఉన్నదానిని పాఱవేయుట తగదు. 2021 మొదలు 2023 వఱకు ప్రపంచమంతట చిప్పుల కొఱత యేర్పడి పై దొరకుటయే దుర్లభమైనప్పుడు చాలమంది ఇట్లే చేసిరి.

ఇక స్థాపించు విధానము. మొదట కావలసినది చోటు. కనిగిరిలో వేసవి యెండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. పై ప్రాసెసరు 80 డిగ్రీలకు చేరగానే తన వేగమును తానే తగ్గించుకొని ఆత్మరక్షణ చేసికొనును. కావున దానిని రేకుల కప్పు క్రిందను, పడమటి యెండ తగులు కిటికీవద్దను ఉంచరాదు. పాత యిండ్లలో గోడకు గూడు ఉండును. గాలి ఆడునట్లున్నచో అది చక్కని స్థానము. ప్రాసెసరుపై అల్యూమినియపు పలక యొకటి అంటించుట మఱచిపోరాదు. ఎఱ్ఱదుమ్ము పడకుండ పెట్టె యుండవలెను గాని, గాలి చొరని పెట్టె దుమ్ముకంటె నెక్కువ హాని చేయును.

రెండవది విద్యుత్తు. నాలుగవ నమూనాకు 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చు సాధనము కావలెను. ఫోను ఛార్జరు కలదు గదా యని దానిని తగిలించువారు పెక్కుమంది. బలహీనమైన ఛార్జరుతో యంత్రము నడచినట్లే యుండి, పని యెక్కువైనప్పుడు చతికిలబడును. కారణము తెలియక కార్డును, డిస్కును, చివరకు పలకనే నిందింతురు.

మూడవది మైక్రో ఎస్.డి. కార్డు. పైకి లోపల డిస్కు లేదు. గోరంత కార్డే దానికి పుస్తకము, పలక, జ్ఞాపకము అన్నియు. ఆ కార్డుపై మొదట ఆపరేటింగ్ సిస్టమును వ్రాయవలెను. ఇందులకు రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అను ప్రోగ్రామును వారే ఉచితముగా నిత్తురు. దానిని వేఱొక కంప్యూటరులో తెఱచి, పలక నమూనాను, సిస్టమును, కార్డును ఎంచుకొనవలెను. సిస్టములలో ‘లైట్’ అని యొకటి కలదు. దానిలో బొమ్మలు, కిటికీలు ఉండవు, అక్షరములు మాత్రమే. సర్వరుకు తెర యుండదు గనుక అదియే తగినది. దానికి మూలమైన లినక్సును 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించెను. దానిపై నిర్మింపబడిన డెబియన్ 1993లో మొదలయ్యెను. ఈ రెండును లోకములోని వేలాది ప్రోగ్రామర్ల సమష్టి కృషివలన పెరిగినవి.

కార్డు వ్రాయుటకు ముందే ఇమేజరు కొన్ని ప్రశ్నలు వేయును: యంత్రమునకు పేరేమి, వాడుకరి యెవరు, పాస్‌వర్డేమి, దూరమునుండి ప్రవేశమునకు అనుమతి కలదా యని. ఇచ్చట తొందరపాటు పనికిరాదు. పూర్వము ప్రతి పైకిని ‘పై’ అను వాడుకరి, ‘రాస్ప్‌బెర్రీ’ అను పాస్‌వర్డు ముందే యుండెడివి. ఊరిలోని తాళములన్నింటికి ఒకటే చెవి యైనట్లు! 2022 ఏప్రిల్‌లో ఆ పద్ధతిని తొలగించిరి. కర్మాగారపు పాస్‌వర్డులు మార్చకుండుట ఎంత కీడో 2016లో లోకమునకు తెలిసివచ్చెను. మిరాయ్ అను దుష్టప్రోగ్రాము అట్టి పాస్‌వర్డుల పట్టిక నొకదానిని పట్టుకొని, ఇండ్లలోని కెమెరాల తలుపులు, రౌటర్ల తలుపులు తట్టుచు పోయెను. తెఱచుకొన్న వానినన్నింటిని తన సైన్యములో చేర్చుకొని అక్టోబరు 21న డిన్ అను సంస్థపై దాడి చేయగా, అమెరికాలో అనేక ప్రసిద్ధ వెబ్‌సైట్లు గంటల తరబడి అందకుండ పోయెను. ఆ కెమెరాల యజమానులకు తమ వస్తువు దొంగలతో కలసినదని తెలియనే తెలియదు.

దూరమునుండి సర్వరుతో మాటలాడుటకు వాడు విధానమునకు ఎస్.ఎస్.హెచ్. అని పేరు. 1995లో ఫిన్లండులోని ఒక విశ్వవిద్యాలయపు తీగలపై పొంచియుండి ఎవరో పాస్‌వర్డులు దొంగిలించిరి. అచ్చటి పరిశోధకుడు తాతు యూలొనెన్ అందులకు ప్రతిక్రియగా, మాటలన్నియు గూఢలిపిలో పోవునట్లు ఈ విధానమును కల్పించెను. దొంగ తీగపై చెవి పెట్టినను వానికి అర్థము లేని అక్షరములే వినబడును. ఇంటిలోని మఱొక కంప్యూటరునందు కూర్చుండి దీనిద్వారా సర్వరులో ప్రవేశించి, మొట్టమొదట ‘ఆప్ట్’ అను పరికరముతో సిస్టమును నవీకరింపవలెను. ఇది ఒక్కనాటి పని కాదు. నెలకొకసారియైనను చేయవలెను.

పిమ్మట చిరునామా. ఇంటిలోని రౌటరు ప్రతి యంత్రమునకు ఒక సంఖ్య నిచ్చును. సామాన్యముగా నది 192.168 అని మొదలగును. రౌటరు ఆగి మరల మొదలైనప్పుడు ఆ సంఖ్య మాఱవచ్చును. సర్వరు చిరునామా నిత్యము మాఱుచున్నచో దానిని వెదకువారికి చిక్కు. కావున రౌటరులోని పట్టికయందు సర్వరు కొక సంఖ్యను శాశ్వతముగా కేటాయింపవలెను. సర్వరును రౌటరుతో గాలిద్వారా గాక తీగతో కలుపుట మంచిది.

ఇప్పుడు వడ్డన. ఫైళ్లను ఇంటివారందఱకు అందించు ప్రోగ్రాము పేరు సాంబ. దీనికిని నృత్యమునకును సంబంధము లేదు. విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకొను పద్ధతికి ఎస్.ఎమ్.బి. అని పేరు. ఆ పద్ధతిని వేఱు యంత్రములకు నేర్పిన ఆస్ట్రేలియా దేశీయుడు ఆండ్రూ ట్రిడ్జెల్, ఆ మూడక్షరములు వరుసగా వచ్చు మాటకై నిఘంటువును వెదకి ‘సాంబ’ను పట్టుకొనెను. సాంబను స్థాపించి, ఒక డిస్కును చూపి, ఎవరెవరు చూడవచ్చునో ఎవరెవరు మార్చవచ్చునో చెప్పినచో, ఇంటిలోని ఫోనులకు కంప్యూటర్లకు అది ఉమ్మడి అలమారయగును.

ఆ అలమారలోని అరలకు తెలుగుననే పేర్లు పెట్టుకొనవచ్చును. ఇది యెట్లు సాధ్యమైనదో తెలిసికొనదగినది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము లభించెను. అందు ప్రతి తెలుగు అక్షరమునకు, గుణింతపు గుర్తునకు ఒక సంఖ్య కలదు. యు.టి.ఎఫ్.-8 అను పద్ధతిలో అట్టి యొక్కొక్క సంఖ్యకు 3 బైట్లు పట్టును. ఉదాహరణమునకు ‘అమ్మమ్మ’ అను మాటను తీసికొందము. చూచుటకు అక్షరములు మూడే. యంత్రము దానిని అ, మ, హలంత చిహ్నము, మ, మ, హలంత చిహ్నము, మ అని యేడుగా విడదీసి చదువును. కావున 21 బైట్లు. చిన్నయసూరి వ్యాకరణము చదువని యంత్రము ద్విత్వమును ఇంత శాస్త్రీయముగా విడదీయుట ముచ్చట గొలుపును. లినక్సులో ఒక ఫైలు పేరునకు 255 బైట్ల హద్దు కలదు. అనగా తెలుగు చిహ్నములు 85 మాత్రమే పట్టును. కావున పేరు దీర్ఘసమాసముగా పెట్టరాదు!

ఫోటోలేగాక గ్రంథములను కూడ సర్వరులో నిలుపవచ్చును. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న ఆరంభమైనది. 2007లో మొదలైన కివిక్స్ అను ప్రోగ్రాము వికీపీడియాను మొత్తముగా ఒకే ఫైలుగా కట్టి యిచ్చును. బొమ్మలతో కూడిన ఇంగ్లీషు వికీపీడియా నూఱు గిగాబైట్లకు పైబడును. తెలుగు కూర్పు దానికంటె చాల చిన్నది. దానిని ఒక్కసారి దింపుకొన్నచో ఇంటర్నెట్ లేని వేళలందును ఇంటిలోని పిల్లలు ఫోను తెఱచి చదువుకొనవచ్చును. తీగ తెగి రెండురోజులు కనెక్షను రాని యూళ్లలో దీని విలువ మఱింత బాగుగా తెలియును.

బెంగుళూరులోని కుమారుడు కనిగిరిలోని సర్వరును చూడగోరుట సహజము. ఇది కొంత కష్టమైన విషయము. ఇంటర్నెట్ చిరునామాల పాత పద్ధతిలో మొత్తము 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 చిరునామాలే కలవు. లోకములోని యంత్రములకు అవి చాలవు. అందుచే అనేక కంపెనీలు పెక్కు ఇండ్లకు కలిపి ఒకే చిరునామా నిచ్చుచున్నవి. బయటినుండి వచ్చువానికి ఆ వీధి తెలియును గాని యింటి తలుపు తెలియదు. తలుపు తెలిసినను దానిని బాహాటముగా తెఱచి యుంచుట క్షేమము కాదు. వి.పి.ఎన్. అను రహస్యమార్గము నేర్పఱచుకొని, ఇంటివారి ఫోనులకు మాత్రమే చెవులిచ్చుట తగినది. వైర్‌గార్డ్ అను అట్టి మార్గము 2020లో లినక్సులోనే యొక భాగమైనది. మొదటి యేడాది సర్వరును ఇంటివఱకే పరిమితము చేసి, పని నేర్చిన పిదప ఈ మార్గమును తెఱచుటయే యుక్తము.

అన్నింటికంటె ముఖ్యమైనది, అందఱు ఉపేక్షించునది, నకలు. ఎస్.డి. కార్డులోని గదులు కొన్ని వేలసారులు వ్రాసి చెఱపిన పిమ్మట అరిగిపోవును. వ్రాయుచుండగా కరెంటు పోయినచో అందలి పట్టికలు చెదరిపోవచ్చును. కావున కార్డుపై సిస్టమును మాత్రముంచి, ఫోటోలను వేఱు డిస్కుపై నుంచవలెను. రౌటరుకును పైకిని కలిపి చిన్న యు.పి.ఎస్. ఒకటి యుండవలెను. యంత్రము నాపునప్పుడు తీగ లాగక, ఆజ్ఞ యిచ్చి, పచ్చదీపము మినుకుట మానిన పిదప మీట తీయవలెను. ఫోనులోనుండి సర్వరులోనికి చేర్చి, ఫోనులోనిదానిని చెఱపివేసినచో ప్రతి యొకటే మిగులును. అది దాచుట కాదు, చోటు మార్చుట మాత్రమే. మూడు ప్రతులుండవలెననియు, వానిలో ఒకటి వేఱు ఊరిలో నుండవలెననియు ఈ పనిలో ఆరితేఱినవారు చెప్పుదురు. పిడుగు పడినను, దొంగలు పడినను, వాన యింటిలోనికి వచ్చినను రెండూళ్లలో ఒకేనాడు నష్టము కలుగుట అరుదు గదా.

వలసపోయిన కుటుంబములకు ఈ విషయమున ఒక సౌకర్యము కలదు. ఒకే మాదిరి డిస్కులు రెండు కొని, ఒకదానిని కనిగిరిలో సర్వరునకు ప్రక్కన ఉంచి, రెండవదానిని గూఢలిపిలో వ్రాసి బెంగుళూరు పోవువాని సంచిలో పెట్టవచ్చును. అతడు సంక్రాంతికి వచ్చునప్పుడు దానిని వెంట తెచ్చును. తెచ్చిన వెంటనే దానినుండి నాలుగైదు ఫోటోలను తెఱచి, సరిగా నున్నవో లేవో చూడవలెను. పరీక్షింపని నకలు ఉన్నదని నమ్మరాదు. పిదప రెండింటిని మార్చి, ఆ యేడాది చేరిన క్రొత్త ఫోటోలతో ఇంటి డిస్కును అతనితో పంపి, వచ్చినదానిని సర్వరునకు తగిలింపవలెను.